ఇన్నయ్య కారు, శౌరమ్మ గాలి

తెల్లారి కుళాయి దగ్గర బిందెలు నింపుకొచ్చాక శౌరమ్మ కుంపట్లో బొగ్గులేసి దాని ముందు కూర్చునేది. విసనకర్ర ముట్టుకునేది కాదు. ఒక్క నిట్టూర్పు విడిచేది. బొగ్గులు భగ్గున రాజుకునేవి.

పెళ్ళయిన కొన్నేళ్ళకి ఆమె నిట్టూర్పు గాలయి వీచడం మొదలైంది. మొదట్లో దీపాలు ఆరేవి. తర్వాత దండెం మీది చీరలు ఎగిరేవి. భవానీపురంలో ఆ వీధి వాళ్ళకిది కొత్తేం కాదు. వానాకాలం వస్తే పక్కింటి సంపూర్ణమ్మ తడి బట్టలన్నీ తెచ్చి శౌరమ్మ వసారాలోనే ఆరేసుకునేది. కోతలయ్యాక గాలి పడిపోయిన రోజుల్లో ఇబ్రహీంపట్నం రైతులు బండి కట్టుకుని వచ్చి, "ఒక్క పూట కళ్ళం దాకా రా తల్లీ, తూర్పార పట్టాలి" అని పిలుచుకుపోయేవాళ్ళు. ఆమె వెళ్ళి కళ్ళంలో ఓ పక్కన కూర్చుని కాసేపు తన సంసారం గురించి ఆలోచించుకునేది. పొల్లు అటు, గింజ ఇటు పడేది.

ఆమె మొగుడు ఇన్నయ్య కొత్తగా కడుతున్న కరెంటు ప్లాంటులో ఫిట్టరు. మంచివాడే. తాగడు, చెయ్యెత్తడు. డ్యూటీ నించి వచ్చి టీ తాగి పెరట్లో తాటాకుల షెడ్డులోకి దూరతాడు. అన్నానికి పిలిస్తే "వస్తున్నా" అంటాడు. రాడు.

ఆ షెడ్డులో కారుంది. బాడీ ఒక కారుది, ఇంజను ఇంకో కారుది. ఆనకట్ట పనుల్లో అరిగిపోయిన బుల్డోజరును తుక్కు కింద అమ్మేస్తుంటే ఇన్నయ్య దాని టర్బో పట్టుకొచ్చాడు. ఇంజను వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం గాలిని కూరికూరి మళ్ళీ ఇంజన్లోకే తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు గట్టిగా మండుతుంది, చిన్న ఇంజను పెద్ద ఇంజనులా లాగుతుంది. అదీ ఆయన ఆశ. బానెట్ కింద చోటు చాలక, రోడ్డు దుమ్ము పోకుండా ఉంటుందని కూడా, గాలి పీల్చే గొట్టాన్ని కారు లోపలికే, ముందు సీటు కిందికి తెచ్చి పెట్టాడు.

అయితే బుల్డోజరు చక్రం పెద్దది, కారు ఇంజను చిన్నది. మెల్లగా పోయేటప్పుడు చక్రం తిరిగేది కాదు, కారు చచ్చినట్టు పాకేది. వేగం అందుకున్నాక ఒక్కసారి తన్నినట్టు లాగి, ఇంజను లోపల డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు మోత. స్పార్కు ప్లగ్గులు విప్పి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండేవి. పెట్రోలు చాలట్లేదని, దాన్ని ఇంజన్లోకి వదిలే జెట్టు మార్చి పెద్దది వేశాడు. స్పార్కు పడే టైమింగు వెనక్కి జరిపాడు. హెడ్ గాస్కెట్ పేలిపోతే రాగిరేకు కోసి మందంగా ఇంకోటి వేశాడు. అదీ పేలింది.

ఒకరోజు గొట్టాల అతుకుల దగ్గర గాలి కారుతోందేమోనని అనుమానం వచ్చింది. అతుకులన్నిటికీ సబ్బునీళ్ళు పూసి పెళ్ళాన్ని పిలిచాడు.

"ఈ గొట్టంలోకి ఓసారి నిట్టూర్చవే."

"అడిగితే వస్తుందా అండీ?"

"ఏదన్నా తలుచుకో."

శౌరమ్మ గొట్టం ముందు గొంతుక్కూర్చుంది. ఆమెని పెంచింది అక్క మణెమ్మ. అవనిగడ్డలో ఉంటుంది. చూపు పోతోందని, "మొహం ఆనవాలు పట్టగలిగినప్పుడే ఓసారి రమ్మను" అని చేపలమ్మే రత్తమ్మతో మళ్ళీ మళ్ళీ కబురు పెడుతోంది. వెళ్తానన్నప్పుడల్లా ఇన్నయ్య, "బస్సులో ఏం పడతావు, కారు అయిపోవచ్చింది, దర్జాగా తీసుకెళ్తా" అంటున్నాడు. అది తలుచుకుంది. రెండో అతుకు దగ్గర సబ్బు బుడగలు గుప్పున లేచాయి.

"దొరికింది!" అని ఇన్నయ్య స్పానరు కోసం పరిగెత్తాడు.

ఈ కారు సంగతి బస్సుల యజమాని వెంకటకృష్ణారావు చెవిన పడింది. ఆయన స్వయంగా వచ్చాడు.

"ఇబ్రహీంపట్నం అవతల క్వారీ మిట్ట నిండు లోడుతో ఎక్కించు చూద్దాం. ఎక్కిందా, నా షెడ్డు నీ చేతిలో పెడతా. నా బస్సులన్నిటికీ ఇదే పని. ఆ ప్లాంటు చాకిరీ మానేద్దువు గాని."

లోడు కింద వెనక సీట్లో శౌరమ్మని, ఇన్నయ్య తల్లి తెరేసమ్మని, నాలుగు సిమెంటు బస్తాలని ఎక్కించారు. బస్తాల మధ్య ఇరుక్కుని శౌరమ్మ కిటికీలోంచి చూసింది. ఇన్నేళ్ళకి కారెక్కింది, సిమెంటుతో సమానంగా. మిట్ట మొదట్లో కారు మూలిగింది. ఆమె నిట్టూర్చింది. ముందు సీటు కింద గొట్టం బుసకొట్టింది, కారు గుర్రంలా పైకి లాగింది. గులకరాళ్ళ మోత లేదు, తన్నడం లేదు. నడి మిట్టలో ఆమె ఇంకోసారి నిట్టూర్చింది. మిట్ట ఎక్కేశారు.

"శెభాష్! సోమవారం వచ్చెయ్యి ఇన్నయ్యా" అన్నాడు వెంకటకృష్ణారావు.

తెరేసమ్మ కోడలి వంక చూసింది, కొడుకు వంక చూసింది.

ఆదివారం చర్చిలో పూజకి వెళ్ళొచ్చాక ఇన్నయ్య, "పదవే, మీ అక్క దగ్గరికి" అన్నాడు. శౌరమ్మ నమ్మలేదు. కారు బందరు కాలవ గట్టు పట్టాక నమ్మింది. అత్తని వెనక సీట్లో కూర్చోబెట్టి తను ముందు సీట్లో కూర్చుని, జారిపోతున్న కొంగు పట్టుకుని చిన్నప్పటి సంగతులు చెప్పడం మొదలెట్టింది. అక్కా తనూ పీతలకని పోయి బురదలో కూరుకుపోయిన కథ చెప్తూ చెప్తూ నవ్వింది. ఆ నవ్వు విని చాలా ఏళ్ళయిందని ఇన్నయ్యకి అనిపించింది.

ఉయ్యూరు దాటేసరికి కారు లాగడం మానేసింది. ఎడ్లబండి దాటిపోయింది.

ఇన్నయ్య రోడ్డు పక్కన ఆపి బానెట్ ఎత్తాడు. అతుకులు చూశాడు, బిగుతుగానే ఉన్నాయి. ప్లగ్గులు విప్పాడు, నల్లగా మసి పట్టి ఉన్నాయి. పెట్రోలుకి సరిపడా గాలి అందట్లేదు. టర్బో చక్రం వేలితో తిప్పి చూశాడు. హాయిగా తిరుగుతోంది. గాలి మాత్రం ఎక్కడికి పోయింది? ప్లగ్గులు తుడిచి బిగించి, ఇంజను నడుస్తుండగానే మళ్ళీ తల లోపల పెట్టాడు. ఎండ చెరుకు తోటల మీద నించి వాలిపోతోంది.

శౌరమ్మ దిగలేదు. బానెట్ కింద కనిపిస్తున్న మొగుడి వీపు చూసింది.

"ఇవాళ కూడానా?" అంది మెల్లగా, నిట్టూర్చింది.

ఇంజను ఒక్కసారి హోరెత్తింది. ఇన్నయ్య చెయ్యి గొట్టం మీదే ఉంది. అది ఉబ్బి, మెల్లగా దిగింది. ఆయన తల బయటికి తీసి వెనక సీట్లో ఉన్న తల్లి వంక చూశాడు.

"అమ్మా, నీకు తెలుసా?" అనడిగాడు.

"మిట్ట ఎక్కినప్పుడే తెలిసిందిరా" అంది తెరేసమ్మ. "ఇన్ని గొట్టాలు తడిమావు, నీకు తెలియకపోవడమే వింత."

ఇన్నయ్యకి రేపటి బస్సుల షెడ్డు కళ్ళ ముందుకొచ్చింది. శౌరమ్మ ఇలాగే నిట్టూరుస్తూ ఉంటే చాలు, ఆ కారు ఏ మిట్టయినా ఎక్కుతుంది. స్పానరు పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. తర్వాత లేచి, కార్బురేటరుకి వెళ్ళే గొట్టం ఊడదీశాడు. పొగ సగంలోనే బయటికి పోయేలా అతుకు వదులు చేశాడు. పెద్ద జెట్టు తీసి పాతది వేశాడు. చక్రం ఇక తిరగదు, కారుకి ఆమె నిట్టూర్పూ అక్కర్లేదు.

"ఏం చేస్తున్నారండీ?"

"ఏం లేదు. నువ్వు ఆ పీతల కథ చెప్పు."

ఊరంతా వినపడే మోతతో, సైకిళ్ళకి దారిస్తూ పోయారు. పులిగడ్డ దాటి అవనిగడ్డ చేరేసరికి పొద్దు గూకుతోంది. మణెమ్మ గుమ్మంలో నిలబడి కళ్ళు చికిలించింది. చెల్లెలి మొహాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని కళ్ళకి బాగా దగ్గరగా తెచ్చుకుంది.

"చిక్కిపోయావేమే?" అంది.

చూసింది. చూడగలిగింది.

తిరిగి బయల్దేరేటప్పుడు శౌరమ్మ కారెక్కలేదు.

"మళ్ళీ ఎప్పుడు రమ్మంటావు?" అన్నాడు ఇన్నయ్య.

"మీరెందుకు శ్రమ పడతారు? బస్సులో వస్తాలెండి."

సోమవారం ఇన్నయ్య వెంకటకృష్ణారావు దగ్గరికి వెళ్ళి, "మిట్ట ఎక్కించింది నా పనితనం కాదండీ" అని చెప్పేసి ప్లాంటుకి పోయాడు. సాయంత్రం అలవాటుగా షెడ్డు దాకా వెళ్ళి, లోపలికి పోకుండా వచ్చి తల్లికి బియ్యం కడిగిచ్చాడు. బొగ్గులు అంటుకోవడానికి ఎంతసేపు విసరాలో ఆయనకి అప్పుడు తెలిసింది.

నాట్లు అయిపోయాక శౌరమ్మ వచ్చింది. బస్టాండుకి ఇన్నయ్య ముందుగానే వెళ్ళి నిలబడ్డాడు. బస్సు దిగి, మూట ఆయన చేతికిచ్చి, "అమ్మయ్యా" అని ఆమె గట్టిగా ఊపిరి వదిలింది.

ఆయన చొక్కా కాలరు కూడా కదల్లేదు.