మైకు కట్టేసిన మధ్యాహ్నం

నా గొంతే గొంతు, డెబ్భై తొమ్మిదిలో పాతూరి పిల్లలందరికీ కంఠసర్పి సూది ఒక్క పూటలో పడిందంటే ఆ పుణ్యం ఆరోగ్యశాఖ జీపు తోలుతూ మైకు పట్టిన ఈ పైడయ్యదే, నేను రండమ్మా రండి అంటే డాల్ఫిన్స్ నోస్ కొండ అవతల పోతున్న ఓడలు రేవుకి తిరిగేవి, సొరచేపలు లైను కట్టేవి, ఇప్పుడు పడక్కుర్చీలో కళ్లు మూస్తే చాలు ఆ పాతూరి ఇరుకు సందే, రేవు మీంచి తేలివచ్చి గుమ్మాల తెరల మీద వాలే ఎర్రటి ఖనిజం దుమ్ము, ఆ దుమ్ములో ఒకదాని వెనక ఒకటి మెల్లగా మూసుకుంటున్న తలుపులు, అవునులెండి, మూసుకున్నాయి, నా గొంతు వినే మూసుకున్నాయి, ఓడలు తిరిగాయేమోగాని ఒక్క తల్లి తిరిగి చూడలేదు.

పక్క సందులో అప్పటికే ఒక పసివాడు ఆ కంఠసర్పికే గొంతు పూడి చనిపోయాడు, ఇక్కడ రసూల్ బీ కూతురు షహజాది ఇంకా పాలు తాగే పిల్ల, తెర వెనక దాని నవ్వు వినబడుతోంది, మందు పెట్టెలో ఐసేమో కరిగిపోతోంది, పైడయ్యా ఆ మైకు కట్టెయ్, సెవులు సిల్లులు పడతన్నాయి అని నర్సు ఆదిలక్ష్మమ్మ విసుక్కుంటోంది, అంతలో రసూల్ బీ అత్త మదీనా బీ గుమ్మంలోకొచ్చి, ఏటి బాబూ ఆ అరుపులు, ఎమర్జెన్సీలో పిల్లలు పుట్టకుండా ఆపరేసన్లు సేసిన రోజుల్లో ఇలాటి జీపే మా తమ్ముడు కరీంని ఎత్తుకుపోనాది, మా ఇళ్లల్లో దావతంటే ఆడమనిషి గడపగడపకీ ఎల్లి పేరెట్టి పిలవాల, మైకులో పిలిత్తే ఎవుల్ని పిలిసినట్టు, ఆ కుక్కనా అంది, కుక్క నిజంగానే తోకాడిస్తూ వచ్చింది, మరైతే నువ్వే పిలువప్పా అన్నాను.

ఆవిడ తలమీద కొంగు సర్దుకుని ఆదిలక్ష్మమ్మ చెయ్యి పట్టుకుంది, గుమ్మం గుమ్మంలో తల్లి పేరూ బిడ్డ పేరూ, నేను జీపుని కురుపాం మార్కెట్ దగ్గర వదిలేసి నడిచొచ్చి నోరు మూసుకుని నిలబడ్డాను, నా జన్మలో అదే మొదలు, తలుపులు నీళ్లలో పువ్వుల్లా విచ్చుకున్నాయి, మదీనా బీ పరిచిన చాప మీద తల్లులు, ఏడుపులు, ఆఖరికి తెర వెనక షహజాది కేక, అంత తియ్యటి ఏడుపు నేనెక్కడా వినలేదు, రసూల్ బీ తెర సందులోంచి టీ గ్లాసు చాపి, కూకో అన్నా అంది.

వీళ్లని ఎలా పిలవాలా అని అన్నేళ్లు తల బద్దలు కొట్టుకున్నాం, వీళ్లు మమ్మల్ని పిలిచేదాకా గడప బయట ఆగాలని ఆ టీ గొంతు దిగుతుంటే తెలిసింది, సొరచేపల్ని మీరెలాగూ నమ్మలేదు, వాటినొదిలేయండి, నేను కల్పించింది రసూల్ బీ కూకో అన్నా అందన్న మాట, ఆమె గ్లాసు గడప మీద పెట్టి పీట ఒకటి నా వైపు జరిపింది, అంతే.