సాన పట్టని కత్తెర

నేను ఒక కత్తెరను. గోళ్ళు తీసుకునే చిన్నరకం కాదు, బట్టలు కోసే పది అంగుళాల ఇనుప కత్తెరను. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, మనుషులు కూడా తమ గొప్ప కాస్త చెప్పుకున్నాక గానీ అసలు సంగతిలోకి రారు. ఇన్నేళ్ళు వాళ్ళ మధ్య బతికాను, నాకూ అబ్బింది.

నేను పుట్టింది మీరట్‌లో. అంతకు ముందు ఏదో లారీ కింద స్ప్రింగు పట్టీగా ఉండేదాన్ని. లారీ చచ్చాక నన్ను నిప్పుల్లో కాల్చారు, సుత్తితో బాదారు, రెండు రెక్కలు చేసి మధ్యలో మర బిగించారు. ఇక నుంచి కత్తెరవి అన్నారు. నీకిష్టమేనా అని ఎవరూ అడగలేదు. ఆ అడగకపోవడం నా ఒక్కదానికే జరగలేదని తర్వాత తెలిసింది.

హైదరాబాదులో ఒక కుట్టుసామాన్ల దుకాణంలో నన్ను కొన్నవాడి పేరు ఓదెలు. జగిత్యాల వాడు, తరతరాలుగా బట్టలు కుట్టే మేర కులం. ఏడో తరగతిలో బడి మానేసి మేనమామ దగ్గర పని నేర్చుకున్నాడు. నన్ను గాల్లో నాలుగుసార్లు ఆడించి, చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు విన్నాడు. రెక్కలు కలిసే చప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటే అది మంచి కత్తెర. విని తలూపాడు. నా జన్మలో నన్ను అంత శ్రద్ధగా విన్నవాడు మరొకడు లేడు.

జగిత్యాలలో గడియారం టవర్ దగ్గర సందులో ఓదెలు దుకాణం. ప్యాంట్లు, షర్ట్లు. కాగితం మీద గీసి కోయడమనే అలవాటు అతనికి లేదు. కొలతలు ఒకసారి చూసుకుని, గుడ్డ మీద సుద్దతో నాలుగు గీతలు గీసి నన్ను నడిపించేవాడు. నన్ను ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. కాగితం అసలు తాకనిచ్చేవాడు కాదు, కాగితం కోస్తే బట్టల కత్తెర మొద్దుబారిపోతుంది. పక్క దుకాణం మంగలి రాజేశం ఒకసారి క్యాలెండర్ అంచు కత్తిరించుకుంటానని నన్ను అడిగినందుకు అతనితో నెలరోజులు మాట్లాడలేదు.

నన్ను తాకని చేతుల్లో అతని భార్య స్వరూప చేతులు కూడా ఉన్నాయి. పెళ్ళయిన వారం నుంచే ఆమె పనిలో పడింది. కాజాలు ఆమే, గుండీలు ఆమే, ప్యాంటు కింద అంచు మడిచి కుట్టే తురపాయి ఆమే. కోసేది మాత్రం ఓదెలు. కోసేవాడు టైలరు, మిగతాది ఇంటి పని. ఇరవై రెండేళ్ళు అదే లెక్క.

తర్వాత రెడీమేడ్ షోరూములు వచ్చాయి. దుకాణానికి ప్యాంటు పొడుగు తగ్గించమని వచ్చేవాళ్ళు తప్ప కొత్త గుడ్డ తెచ్చేవాళ్ళు కరువయ్యారు. చివరికి ఓదెలు షట్టరు దించి, మిషన్ ఇంటికి తెచ్చి, నన్ను రేకు డబ్బాలో పెట్టాడు. తన దుకాణాన్ని మింగిన షోరూముల్లోనే ఒకదాని తలుపు దగ్గర యూనిఫాం వేసుకుని నిలబడే ఉద్యోగం సంపాదించాడు. వచ్చినవాళ్ళకు తలుపు తీసి నమస్తే పెట్టాలి. ఆ యూనిఫాం కూడా రెడీమేడే. భుజాల దగ్గర వదులు.

ఇంక నా కథ డబ్బాలో ముగిసేదే. టీవీ వచ్చి పాడుచేసింది.

ఆదివారం సాయంత్రాలు ఒక కుట్టు పోటీ వచ్చేది. పన్నెండు మంది ఆడవాళ్ళకు తలా ఒక గుడ్డ ఇచ్చి గంట కొడతారు. మళ్ళీ గంట కొట్టేలోపు గౌను గానీ జాకెట్టు గానీ తయారు కావాలి. ఒకామె గెలుస్తుంది, ఒకామె ఏడుస్తుంది. స్వరూప గోడకానుకుని ఆ కోసే చేతులనే చూసేది. నాలుగో ఆదివారం తర్వాత, ఓదెలు డ్యూటీకి వెళ్ళగానే, డబ్బా మూత తీసి నన్ను పట్టుకుంది. నాకు బాగానే ఉంది, అబద్ధమెందుకు.

మొదట ఓదెలు పాత షర్ట్లు దిండు గలీబులయ్యాయి. తర్వాత టీవీకి కుచ్చుల ముసుగు, మిక్సీకి చొక్కా, కూలర్‌కు కోటు, గ్యాస్ సిలిండరుకు పరికిణీ. నెల తిరిగేసరికి ఆ ఇంట్లో మనుషుల కంటే వస్తువులకే బట్టలు ఎక్కువ.

"సిలిండరుకు గూడ లంగా తొడిగినవు, ఓణీ గూడ కప్పు," అన్నాడు ఓదెలు.

"కప్పుత. దానికి పెండ్లి చేసేటప్పుడు నువ్వు తలుపు కాడ నిలవడి నమస్తె పెడుదువు," అంది స్వరూప.

పక్కింటి రాజవ్వ పడీ పడీ నవ్వింది. ఓదెలు నవ్వలేదు. తలుపు మాట తగలరాని చోట తగిలింది.

టీవీలో మొదట కాగితం మీద గీసి, కాగితం కోసి, దాన్ని గుడ్డ మీద పరిచి కోస్తారు. స్వరూపకు నేర్పినవాళ్ళు వాళ్ళే కాబట్టి ఆమె కూడా పాత పేపర్లు పరిచి నాతో కోసింది. రాజవ్వ మనవరాలి గౌనుకి ఆరు పేపర్లు. ఒక్కో పేపరుకు నా అంచు అరిగిపోతూ వచ్చింది. గౌను మాత్రం చక్కగా కుదిరింది. ఒకరోజు ఓదెలు నన్ను చేతికి తీసుకుని ఆడించాడు. చప్పుడు చివర్లో గరగరమంది.

"పేపర్ కోసినవా దీనితోని?"

"కోసిన."

"నీకు బుద్ధి ఉన్నదా? టైలర్ పెండ్లానివి, పేపర్ కొయ్యొద్దని తెల్వదా?"

"ఎట్ల తెలుస్తది? కాజాలు కుట్టమంటివి, కుట్టిన. గుండీలన్నవు, కుట్టిన. కత్తెర ఒక్కనాడన్న చేతికిచ్చినవా? నువ్వు నేర్పకపోతివి, టీవీల ఆమె నేర్పింది."

మాటలో ఓడిన మగవాడు చేసే పనే ఓదెలూ చేశాడు, చెప్పులేసుకుని బయటికి పోయాడు.

పోటీకి కొత్తవాళ్ళను ఎంచుకుంటామని, కరీంనగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పరీక్ష పెడతామని టీవీలో ప్రకటన వచ్చింది. గుడ్డ వాళ్ళిస్తారు, మిషన్లు వాళ్ళవే, కత్తెర ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. స్వరూప పేరు రాయించుకుంది. స్వరూపే కోసి కుట్టిందని నలుగురి చేత ఒక్కసారి అనిపించుకోవాలి, అంతే ఆమె కోరిక. రెండు రోజుల ముందు నన్ను ఓదెలు చేతిలో పెట్టింది.

"జెర సాన పట్టిచ్చుకరా. ఆ ఖాజా కాడ నువ్వైతెనే మంచిగ చేయించుకస్తవు."

ఓదెలు తీసుకున్నాడు. తీసుకువెళ్ళాడు కూడా. సాన పట్టే ఖాజా చక్రం ఆపి, అతన్ని చూసి మొహం విప్పార్చాడు.

"అరె ఓదెలన్నా! మల్ల దుకాణం తెరుస్తున్నవా ఏంది?"

నా పెండ్లాం కుట్టు పోటీకి పోతున్నది, ఆమె కోసం. అనాల్సింది ఈ ఒక్క మాటే. నా పిడిలో ఉన్న అతని బొటనవేలు బిగుసుకుంది. "లేదే. ఊకనే ఇట్ల వచ్చిన," అన్నాడు. నన్ను సంచిలోకి తోసి, టీ తాగి, ఇంటికి వచ్చాడు. వరండాలో కూర్చుని కొబ్బరినూనెతో నన్ను తళతళలాడేదాకా తుడిచాడు.

"పట్టిచ్చిన," అన్నాడు.

ఆమెను ఓడించాలని అతను అనుకోలేదు. అంత ఆలోచన ఉన్నవాడు కాదు. ఒక్క మాటకు సిగ్గుపడ్డాడు, ఆ సిగ్గును దాచడానికి నూనె రాశాడు. కత్తెరకు నోరుంటే అక్కడే అరిచేదాన్ని.

ఫంక్షన్ హాల్లో అరవై మంది ఆడవాళ్ళు. స్వరూపకు జారుడు శాటిన్ గుడ్డ ఇచ్చారు. గంట కొట్టారు. మొదటి జానెడు ఎలాగో తెగింది. తర్వాత గుడ్డ నా రెక్కల మధ్య మడతపడి నలిగింది. ఆమె వెనక్కి లాగి మళ్ళీ వేసింది, మళ్ళీ నలిగింది, పోగులు లేచాయి. ఆగి నన్ను వెలుతురుకు ఎత్తింది. సాన పట్టిన అంచు మీద రాయి గీతలు సన్నగా కనిపిస్తాయి, అంత మాత్రం టైలరు ఇంట్లో చూస్తూ చూస్తూ తెలిసిపోతుంది. నా అంచు మీద నూనె తప్ప ఏమీ లేదు. బొటనవేలు మెల్లగా రాసింది. ఆ వేలు మీద చిన్న గాటు కూడా పడలేదు.

పక్కామెను అడగొచ్చు. కానీ బట్టల కత్తెర అడగకూడదన్నది ఆ ఇంట్లో ఆమెకు బాగా వచ్చిన పాఠం. నాతోనే కోసింది. చంకల దగ్గర వంకర్లు, అంచంతా కొరికినట్టు.

జడ్జి మేడమ్ ఆ జాకెట్టును రెండు వేళ్ళతో ఎత్తి చూసింది. "స్టిచింగ్ చాలా నీట్‌గా ఉందమ్మా. కటింగే రాలేదు. ఇంట్లో ఎవరికైనా పని వచ్చా?"

"మా ఆయన టైలరే, మేడమ్."

"అయ్యో, మరి ఆయన్నడిగి నేర్చుకోవాల్సింది," అని నవ్వి పక్క బల్లకు వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చేసరికి ఓదెలు గుమ్మంలోనే ఉన్నాడు. "ఏమాయె?" అన్నాడు.

స్వరూప సంచిలోంచి నన్ను తీసి అతని ముందు పెట్టింది. "సాన మంచిగ పట్టిండు ఖాజా," అంది. అరుపు లేదు, ఏడుపు లేదు. ఓదెలు తల పైకెత్తలేదు. ఆమె లోపలికి పోయి బియ్యం కడిగింది.

మర్నాడే ఓదెలు నన్ను ఖాజా దగ్గరికి తీసుకుపోయాడు. అడక్కుండానే చెప్పాడు, "మా ఇంటామె కోస్తది, ఆమె కోసం." ఖాజా చక్రం తిప్పుతూ, "అట్లనా. జర్ర కూసో, అయిపాయె," అన్నాడు. అంతే. నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. ఓదెలు అంతగా భయపడిన మాటకు ఆ లోకంలో దొరికిన మర్యాద అదీ.

దారిలో రెండున్నర మీటర్ల షర్టు గుడ్డ కొన్నాడు, లేత నీలం. ఇంట్లో చాప పరిచి, గుడ్డ పరిచి, సుద్ద ముక్క పక్కన పెట్టాడు.

"నువ్వే కొయ్యి. నాకే షర్టు," అన్నాడు.

స్వరూప ఒకసారి చూసింది. చెయ్యి చాపుతుందేమో అనుకున్నాను. చాపింది. గుడ్డను నాలుగు మడతలు పెట్టి మిషన్ మీద పెట్టింది.

"మీ షోరూముల రెడీమేడ్ దొరుకతయి గద, తెచ్చుకో," అంది.

ఆదివారాలు టీవీ పెట్టడం మానేసింది. ఊరి చివర స్కూలు యూనిఫాంలు కుట్టే షెడ్డుకు పోతోంది. అక్కడ కోసే మిషన్ వేరే ఉంది, దాని దగ్గర మగవాళ్ళు నిలబడతారు. ఈమె గుండీలు కుడుతుంది.

ఆ నీలం గుడ్డ ఇంకా మిషన్ మీదే ఉంది. ఓదెలు దాన్ని తియ్యడు, ఆమె ముట్టుకోదు. నాకిప్పుడు వెంట్రుకను చీల్చేంత పదునుంది. ఫ్యాను గాలికి మడత విప్పుకోకుండా నన్ను ఆ గుడ్డ మీద బరువుగా పెట్టారు.