రంగు వెయ్యని బిస్కెట్లు

“ఈసారి డబ్బా కొంచెం పెద్దది చూడు. సువార్తమ్మ మేడమ్ పోయినేడు శానా మెచ్చుకునింది” అన్నాడు మా ఆయన, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ.

నేను ఆయన క్యారియర్ బిగిస్తున్నాను. డబ్బా అంటే ఏ డబ్బానో, మేడమ్ మెచ్చుకున్నది దేన్నో వేరే చెప్పనక్కర్లేదు. ఆయన పనిచేసే కంపెనీ మేనేజరు ఇంటికి ప్రతి క్రిస్మస్‌కూ నేను చేసి పంపే రంగుల బిస్కెట్లు.

“ఇంకా ఏడాది తిరగలేదు కదా” అన్నాను.

మూకండపల్లి మలుపులో కంపెనీ బస్సు హారన్ వినిపించింది. ఆయన క్యారియర్ అందుకొని వెళ్ళిపోయాడు. ఆయన ఇవ్వని జవాబు, గడప దగ్గర అనపకాయలు ఒలుస్తున్న మా అత్త కోటమ్మ ఇచ్చింది.

“దేనికమ్మా ఏడాది? పాలపండ్లు గూడా ఊడి ముగియని బిడ్డకు ఏడాది యాడైనా పడతారా? మట్టిలో పెట్టిన బిడ్డకు మూడు దినాల మైల, అంతే. అదీగాక ఇదేమన్నా మన పండగా?”

ఆవిడ గొంతులో కోపం లేదు. లెక్కల పాఠం చెప్పినట్టు చెప్పింది. అనపగింజలు చేటలో పడుతూనే ఉన్నాయి.

మట్టిలో పెట్టిన ఆ బిడ్డ పేరు నాంచారి. మా ఆయన నాయనమ్మ పేరు పెట్టుకున్నాం. మూడో తరగతి. దసరా సెలవుల్లో కుప్పం దగ్గర మా అత్తగారి ఊరికి వెళ్ళినప్పుడు జ్వరం వచ్చింది. జ్వరం మెదడుకెక్కిందని డాక్టరు చెప్పిన రోజే పోయింది. ఆ ఊరి చెరకుతోట పక్కనే పెట్టి వచ్చారు. నన్ను అక్కడికి రానివ్వలేదు. సెలవులు ముగియగానే మా ఆయన కంపెనీకి పోయాడు, నేను బడికి పోయాను. దీని గురించి ఇంతకంటే ఎక్కువ రాయడం నాకు చేతకాదు.

అయితే ఏడాది పట్టడం అంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. మా మామ చనిపోయినప్పుడు నేనే పట్టాను. పొయ్యి మీద బాండలి పెట్టలేదు. ఉగాదికి ఓళిగలు లేవు. ఇంట్లోంచి తీపి వస్తువు ఒక్కటీ బయటికి పోలేదు. పండగ పూట చుట్టుపక్కలవాళ్ళే తెచ్చి ఇచ్చేవాళ్ళు, మేము ఖాళీ గిన్నెలు తిరిగి ఇచ్చేవాళ్ళం. ఆ క్రిస్మస్‌కు మా ఆయన ఇంకా సరిగ్గా జుట్టు పెరగని తలతో మేనేజరు ఇంటికి పోయి, “నాయన పోయినారు సార్, ఈ ఏడు మా ఇంట్లో పండగ లేదు” అని చెప్పి వచ్చాడు. ఆ మాట చెప్పడానికి ఆయనకు ఇబ్బంది కాలేదు. అది గౌరవమైన మాట.

ఈ బిస్కెట్లు నాకు నేర్పింది కృష్ణగిరిలో టీచర్ ట్రైనింగు చదివేటప్పటి హాస్టల్ వార్డెనమ్మ. నక్షత్రం, గంట, చెట్టు, మూడు రేకు అచ్చులు కూడా ఆమె ఇచ్చినవే. పెళ్ళయిన కొత్తలో సరదాగా ఒకసారి చేశాను. మా ఆయన ఒక పొట్లం కట్టుకొని మేనేజరు ఇంట్లో ఇచ్చి వచ్చాడు. ఆ తర్వాతి ఏడు నుంచి అది సరదా కాదు. బడి నుంచి వచ్చాక మైదా జల్లించాలి, చక్కెర విసరాలి, వెన్న చేత్తో తెల్లబడేదాకా గిలకొట్టాలి. గుడ్డు పగలగొట్టే పని మాత్రం వంటింట్లో కుదరదని మా అత్త మాట. దానికి పెరట్లో తులసికోటకు కనపడని మూల ఒకటి నాకు చూపించింది. చలిలో ఆ మూల కూర్చొని తెల్లసొన గిలకొట్టేదాన్ని. డబ్బా నిండాక మా ఆయన పైన ఒక గంట, ఒక నక్షత్రం సర్ది, “మా ఇంట్లో చేసినాము సార్” అని చెప్పడానికి తీసుకుపోయేవాడు. చేసినాము అన్న మాటలో నేను ఎక్కడో ఒక చివర ఉండేదాన్ని.

ఆ పనిలో నాకు తోడు వచ్చింది నాంచారి ఒక్కతే. అయిదేళ్ళప్పటి నుంచి రంగులు తనవి. కాగితం పొట్లం కొన కత్తిరించి ఇస్తే, చక్కెర పాకంలో కలిపిన ఎరుపు, ఆకుపచ్చ, పసుపు రంగులు అంచు దాటకుండా వేసేది. అన్నీ అయ్యాక ఒక్క నక్షత్రం మాత్రం పక్కకు పెట్టుకునేది.

“దీనికి వద్దుమా. రంగు చేదుగా ఉంటాది. నాది తెల్లగానే ఉండనీ.”

ఆ తెల్లది తిని, రంగులవన్నీ వాళ్ళ నాన్న డబ్బాలో పెట్టేది.

బడిలో కూడా ఆ డిసెంబరు అంత సులువుగా గడవలేదు. అరసంవత్సరం పరీక్షల పేపర్లు హెడ్మాస్టరు తన తరగతివి కూడా తెచ్చి నా బల్ల మీద పెట్టారు. “మీకిప్పుడు ఇంట్లో పని తక్కువే గదమ్మా” అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. నాకు సాయం చేస్తున్నాననే అనుకున్నారు. నేను తల ఊపి పేపర్లు తీసుకున్నాను. ఆ మాట మాత్రం ఇంటిదాకా నా వెంట నడిచి వచ్చింది.

బిస్కెట్లు చెయ్యనని ఇంట్లో చెప్పలేకపోయాను. జనవరిలో స్టోర్స్ సూపర్వైజరు పోస్టు ఎవరికో ఒకరికి ఇస్తారని, అది మేనేజరు చేతిలో ఉందని మా ఆయన రోజూ అన్నం దగ్గర చెబుతూ ఉన్నాడు. బడికి సెలవులిచ్చాక పిండి కలిపాను. అచ్చులు కడిగాను. పెరటి మూలకు పోయాను.

మా వీధుల్లో ఎవరికీ ఓవెన్ లేదు. పొద్దున రొట్టెలు కాల్చడం అయిపోయాక బజారులో అచ్చెన్న బేకరీ కట్టెల పొయ్యి చల్లారేలోపు, క్రిస్మస్ చేసుకునే ఇళ్ళవాళ్ళు తమ తట్టలు అక్కడికి తెచ్చి కాల్పించుకుంటారు. తట్టలు కలిసిపోకుండా ప్రతి ఇంటివాళ్ళూ మూలనున్న బిస్కెట్ మీద ఒక గుర్తు గుచ్చుతారు. ఒకరిది లవంగం, ఒకరిది జీడిపప్పు. మాది అనపగింజ. అది నాంచారి పెట్టిన గుర్తు. ఆ ఉదయం అనపగింజ నా వేళ్ళ మధ్య ఉంది కానీ గుచ్చడానికి కొంచెంసేపు పట్టింది.

పక్కన తట్ట పట్టుకొని నిలబడిన పాపక్క చూసింది. మా వీధి చివర ఉంటుంది, మేరీమాత గుడిలో పని చేస్తుంది.

“ఏమమ్మా టీచరమ్మా, మీ ఇంట్లో అప్పుడే ఏడాది అయిపోయినాదా?”

ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మాటలు ఆపి నా వైపు చూశారు.

“చిన్నబిడ్డకు ఏడాది లేదంట” అన్నాను.

“ఎవురన్నది?”

పాపక్క నా చేతిలోని అనపగింజ తీసి తనే మూల బిస్కెట్ మీద గుచ్చింది. “పెద్దబిడ్డలకు పెద్ద ఏడుపు, చిన్నబిడ్డలకు చిన్న ఏడుపు అని కొలిచి ఇచ్చేవాళ్ళు ఎవరో నాకు తెలీదులేమ్మా” అని తన తట్ట ఎత్తుకొని పొయ్యి దగ్గరికి పోయింది.

ఇంటికి వచ్చి కాల్చిన బిస్కెట్లు చాప మీద పరిచాను. చక్కెర పాకం కలిపాను. రంగు సీసాలు అలమర నుంచి తీసి వరసగా పెట్టాను. కాగితం పొట్లం చుట్టి కొన కత్తిరించాను. అక్కడ చెయ్యి ఆగిపోయింది. బిస్కెట్లన్నీ తెల్లగా, ఒకదాని పక్కన ఒకటి. అన్నీ నాంచారి తనకోసం పక్కన పెట్టుకున్నవే అనిపించింది. సీసాలకు మూతలు బిగించి మళ్ళీ అలమరలో పెట్టేశాను.

సాయంత్రం మా ఆయన వచ్చి చూశాడు.

“ఏందిది? రంగులేవి?”

“వెయ్యలేదు.”

“వెయ్యలేదంటే?”

“వెయ్యడం నాకు కాలేదు.”

“నీకు కాకపోతే ఇంగెవురికి అవుతాది? పొద్దున్నుంచి ఇంట్లోనే ఉండావు కదా.”

ఆయనే సీసా తీసి, పొట్లంలో ఆకుపచ్చ పోసి, ఒక చెట్టు మీద పిండాడు. పాకంతో కలపాలని తెలియదు. రంగు నీళ్ళలా పారి చెట్టు దాటి చాప మీదికి పోయింది. ఇంకొకటి తీసుకున్నాడు, అదీ అంతే. పారిన రంగును వేళ్ళతో మళ్ళీ చెట్టు మీదికి తొయ్యబోయాడు. ఒక్క క్షణం అది చూసి నాకు జాలి వేసింది. ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడిస్తే పక్కన కూర్చునేదాన్ని. ఆయన పొట్లం నేలకేసి కొట్టి, “అట్లే పెట్టు డబ్బాలో. టైము లేకపోయినాదని చెప్తాను. నువ్వు గూడా రా, మేడమ్ నిన్ను అడుగుతాది” అన్నాడు.

చీర మార్చుకుంటుంటే మా అత్త గది గుమ్మం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

“ఆడ నోరు తెరవొద్దు. బిడ్డ సంగతి ఎత్తొద్దు. చావింటి తీపి అని తెలిస్తే ఎవురు ముట్టుకుంటారు?”

నేను పిన్నీసు పెట్టుకోవడం ఆపి ఆవిడ వైపు చూశాను. ఇన్ని వారాల్లో మా ఇంటికి చావిల్లు అన్న పేరు పెట్టింది ఇంకెవరూ కాదు, ఆవిడే. పెట్టిన సంగతి ఆవిడకు తెలియలేదు.

మేనేజరు గారిది ఊరి బయట ఆఫీసర్ల బంగళాల్లో ఒకటి. గుమ్మానికి కాగితపు నక్షత్రం వేలాడదీసి, లోపల దీపం పెట్టారు. వాళ్ళది గుంటూరు వైపు. సువార్తమ్మ గారు తలుపు తీసి నా చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయింది.

“రండి రండి కాంతమ్మ గారూ! మీ డబ్బా రాకపోతే మా పిల్లలకి పండగ వచ్చినట్టే ఉండదండీ.”

డబ్బా నా ఒళ్ళో ఉంది. ఆమె మూత తీసింది.

“అదేంటండీ, ఈసారి రంగులు వెయ్యలేదా?”

“టైము చాల్లేదు మేడమ్” అన్నాడు మా ఆయన. “ఈమెకు స్కూల్లో పని జాస్తి అయిపోయినాది.”

“అయ్యో, పోనీలెండి. రంగులు వేసేది మీ పాపే కదూ? పోయినేడు వచ్చినప్పుడు ఎంత ముద్దుగా చెప్పిందో, ఆంటీ, రంగు చేదుగా ఉంటుంది, తెల్లది తినండి అని. తీసుకురాలేదేం? ఎలా ఉంది?”

ఆమెకు తెలియదు. మేనేజరు గారి ముఖం చూశాను, ఆయనకూ తెలియదు. దసరా సెలవుల తర్వాత కంపెనీకి పోయి మా ఆయన ఏ కారణం చెప్పాడో నేనెప్పుడూ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. అలాంటిది చెప్పకుండా ఉండవచ్చునని నాకు ఊహకైనా అందలేదు.

మా ఆయన నవ్వాడు. మోకాలి మీద పెట్టుకున్న చేతివేళ్ళ కొనల్లో ఆకుపచ్చ ఇంకా ఉంది.

“బాగుండాది మేడమ్. వాళ్ళ అవ్వ దగ్గర ఉండాది.”

లోపలి గదిలో ఎవరో ట్రాన్సిస్టర్ పాట తగ్గించారు. సువార్తమ్మ గారు డబ్బాలోంచి ఒక నక్షత్రం తీసి కొరకబోతోంది. నా కళ్ళు ఆ నక్షత్రం మీదే ఉన్నాయి. చెప్పకపోతే అందరూ తిని బాగుందంటారు. మేము లేచి వచ్చేస్తాం. జనవరిలో పోస్టు వస్తుంది. వచ్చే డిసెంబరులో మళ్ళీ ఆమె అడుగుతుంది, ఆయన మళ్ళీ బాగుందంటాడు. నాంచారి ప్రతి ఏడూ వాళ్ళ అవ్వ దగ్గర బాగా ఉంటుంది. పెరగదు, రాదు, పోదు కూడా.

“లేదండీ” అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బడిలో తప్పు చెప్పిన పిల్లవాణ్ణి దిద్దేటప్పటి గొంతు అది. పెద్దగా లేదు.

“నాంచారి లేదండీ. దసరా సెలవుల్లో జ్వరం వచ్చి పోయింది.”

సువార్తమ్మ గారి చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. మేనేజరు గారు కుర్చీలోంచి లేచారు. “పద్మనాభం?” అన్నారు. మా ఆయన నేల వైపు చూస్తున్నాడు. ఆ ముఖంలో అబద్ధం దొరికిపోయిన సిగ్గు ఉంది. దాని వెనకాల, చాలా లోపల, ఇన్నాళ్ళూ ఏడవని ఏడుపు కూడా ఉంది. అది చూసుకోవడం ఇక ఆయన పని.

నేను చెయ్యి చాచాను. సువార్తమ్మ గారు అర్థం కాక, కొరకని నక్షత్రం నా అరచేతిలో పెట్టింది. దాన్ని డబ్బాలో పెట్టి మూత వేశాను.

“తప్పుగా అనుకోవద్దండీ. చావు జరిగిన ఇంట్లోంచి ఏడాదిదాకా తీపి బయటికి పోకూడదు. తేవడమే పొరపాటు.”

“అయ్యో, అలాంటి పట్టింపులు మాకు లేవు తల్లీ” అంది ఆమె. కళ్ళనిండా నీళ్ళు. “ఇవ్వండి, నాకివ్వండి.”

“మాకు ఉన్నాయండీ.”

దారిలో మా ఆయన ఒక్క మాటే అన్నాడు. “ఒక్క పూట ఓర్చుకోని ఉంటే అయిపోయేది కదే.” చాలాసేపు ఆయన ముందు నడిచాడు. మూకండపల్లి మలుపు దగ్గరికి వచ్చేసరికి నా వెనక నడుస్తున్నాడు. బూట్ల చప్పుడు ఒకచోట ఆగింది. నేను తిరిగి చూడలేదు. కొంచెంసేపటికి మళ్ళీ మొదలైంది.

మా అత్త తలుపు తీసి ముందు నా చేతిలోని డబ్బా చూసింది, తర్వాత నా ముఖం చూసింది.

“ఏమి, వద్దనిందా ఆయమ్మ?”

“అడిగింది. నేనే ఇయ్యలేదత్తా” అన్నాను. “మనది చావిల్లు.”