వార్చిన కూర

బంగాళాదుంపకి ముందు చెక్కు తీయాలి. తర్వాత గోరంత ముక్కలుగా తరగాలి. ముక్క ఎంత చిన్నదైతే అందులోని సారం అంత తొందరగా నీళ్ళలోకి దిగిపోతుంది. గోరువెచ్చటి నీళ్ళలో చాలాసేపు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నిండా నీళ్ళు పోసి ఉడికించి, ఆ నీళ్ళు కూడా వార్చేయాలి. వంటంటే రుచిని గిన్నెలోకి రప్పించడమని పెళ్ళినాటి నుంచీ అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు నేను చేసే పని దాన్ని గిన్నెలోంచి వెళ్ళగొట్టడం. పొద్దున్నే మా సింకులోంచి కూర వాసనతో ఆవిరి లేస్తుంది. పళ్ళెంలోకొచ్చే కూరకి మాత్రం ఏ వాసనా ఉండదు.

"ఈ ఇంట్లో అందరికంటే పౌష్టికాహారం సింకుకే నాయనమ్మా. చూడు, ఎలా నిగనిగలాడుతోందో" అని మా అమ్మాయి ఒకసారి వాళ్ళ నాయనమ్మని నవ్వించింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే నేను మొహం మాడ్చుకున్నానంటారు.

కిడ్నీలు సగం పనే చేస్తున్నాయని మా ఆయనకి తెలిసిన రోజున, ఆసుపత్రివాళ్ళు మమ్మల్ని డైటీషియన్ గదికి పంపారు. ఆ పిల్ల ఆయన్ని పక్క కుర్చీలో కూర్చోబెట్టి, చెప్పాల్సిందంతా నాకు చెప్పింది. ఉప్పు తగ్గించాలి. ఆకుకూరలు, టమాటాలు, అరటిపళ్ళు, ఎండుపళ్ళు వద్దు. పప్పు కొలిచి వేయాలి. ఒంట్లో పొటాషియం పెరిగితే గుండెకే ముప్పు, అది నీళ్ళలో కరిగి పోతుంది కాబట్టి కూరలన్నీ వార్చి వండాలి. "ఇక ఆయన ఆరోగ్యం మీ చేతిలోనే ఉందమ్మా" అంది చివర్న. ఆ మాటకి ఆయన ముఖం ఎంత తేలికపడిందో చూశాను. మోస్తున్న సంచీని పక్కవాళ్ళ చేతికిచ్చి చొక్కా సర్దుకున్న మనిషిలా లేచాడు.

ఇంటికొచ్చాక అత్తయ్య తీర్పు చెప్పేసింది. "వాడు చప్పిడి తింటుంటే మన గొంతుల్లోకి రుచులెలా దిగుతాయి? ఈ పూట నుంచి ఇంట్లో అందరికీ ఒకటే వంట." వినడానికి ఎంత బాగుందో ఆ మాట. నాకే కళ్ళు చెమర్చాయి. మా ఆయన ఫోన్లో చుట్టాలందరికీ చెప్పుకున్నాడు, "ఇంటిల్లిపాదీ హెల్తీ ఫుడ్డుకి మారిపోయాం" అని. నిజంగా మారింది ఎవరో వారం తిరక్కుండానే తేలిపోయింది. అత్తయ్యకి చప్పిడి తిండి అరగడం మానేసింది. పక్కవీధిలో ఉండే ఆడపడుచు మధ్యాహ్నాలు డబ్బా తేవడం మొదలుపెట్టింది. "అమ్మ వయసులో ఈ పథ్యాలు దేనికి వదినా, నువ్వేం అనుకోకు" అంటూ ఆ డబ్బా నా చేతికే ఇచ్చేది, వేడి చేసి పెట్టమని. అమ్మాయి కాలేజీ కాంటీన్లో తినొచ్చి, సాయంత్రం నాలుగు మెతుకులు కెలికి లేచిపోతుంది. వాళ్ళని నేను తప్పు పట్టను. దారి దొరికితే ఎవరైనా తప్పించుకుంటారు. నా దారికి గిన్నె అడ్డం. వండేది నేను, మిగిలినదాన్ని పారేయడానికి చేతులు రానిదాన్ని కూడా నేనే. అందరూ వదిలేసిన చప్పిడి కూరంతా పొద్దున నా డబ్బాలోకి, సాయంత్రం నా పళ్ళెంలోకి చేరేది.

నేను పనిచేసేది రెడీమేడ్ బట్టల షాపులో, మేడమీద ఆల్టరేషన్ గదిలో. కొనుక్కున్నవాళ్ళ ప్యాంట్లు పొట్టి చేయడం, నడుములు బిగించడం, వదులు చేయడం. గదిలో నాతోపాటు కాజాల అక్క ఉంటుంది. కాజాలు, బొత్తాల పని ఆవిడది కాబట్టి షాపంతా ఆ పేరుతోనే పిలుస్తుంది. నేను యాభైకి దగ్గరపడుతున్నా ఆవిడకి నేనింకా పిల్లనే. "నీ డబ్బా మూత తీస్తే చాలు పిల్లా, పక్క మంచం మీద ఎవరో మూలుగుతున్నట్టుంటుంది" అనేది. తన డబ్బాలోంచి ఏదో ఒకటి నా మూత మీద పెట్టబోతే నేను చెయ్యి అడ్డం పెట్టేదాన్ని. ఇంట్లో ఆయన చప్పిడి తింటున్నాడు, నేను బయట రుచులు మరిగితే ఎలా అని. నిజంగానే అలా అనుకునేదాన్ని.

ఒకరోజు సుద్దతో గీత గీసి, ఒక ప్యాంటు కాలు కత్తిరిస్తున్నాను. గీత రెండుగా కనిపించింది. రెండోదాని మీద కత్తిరించేశాను. జానెడు పొట్టిదైపోయింది. సూపర్‌వైజర్ ఆ ప్యాంటుని కిటికీ వెలుతురులో పట్టుకుని, "కస్టమరు ఒంటికాలి మీద నిలబడి కొలతలిచ్చాడా?" అన్నాడు. జవాబు చెబుదామని లేచి, అక్కడే గుడ్డపేలికల మీద కూలబడ్డాను. కాజాల అక్కే వీధి చివరి డాక్టరు దగ్గరికి నడిపించుకెళ్ళింది.

డాక్టరు నా కంటి రెప్ప కిందకి లాగి చూశాడు, నెలసరి గురించి అడిగాడు, రక్తం పరీక్ష చేయించాడు. అది చూసి, ఇంత తక్కువ రక్తంతో మెట్లెలా ఎక్కుతున్నారని అడిగాడు. "మాత్రలు రాస్తాను. కానీ మాత్రలొక్కటే చాలవు. ఆకుకూరలు, పప్పులు, బీట్‌రూట్, ఖర్జూరాలు రోజూ పడాలి. ఇంట్లో వంట ఎవరు చేస్తారు?"

"నేనే."

"మరింకేం, మీ చేతిలో పనే" అన్నాడు డాక్టరు, సమస్య తీరిపోయినట్టు.

బయటికొచ్చాక కాజాల అక్క మెట్ల మీదే ఆగిపోయింది. "మీ ఆయనకి వద్దన్నవన్నీ నీకు కావాలన్నాడు కదే. మీ ఇద్దరికీ ఒకటే పళ్ళెమైతే ఎవరో ఒకరు మాడాలి పిల్లా. నువ్వు వేరే గిన్నె పెట్టుకో."

వేరే గిన్నె. చిన్నది, పాలు కాచుకునేంతది. రోజూ అందులో గుప్పెడు ఆకుకూర, గుప్పెడు పప్పు. నాకు కావలసింది అంతే. బస్సులో ఆ మాటని ఎలా మొదలుపెట్టాలో నేర్చుకుంటూ వచ్చాను. కొత్త కోడలినైనా కాదు, ఒక గిన్నె కోసం మాటలు వరస పెట్టుకుంటున్నాను.

"మాత్రలిచ్చాడుగా, వేసుకో" అంది అత్తయ్య, అంతా విని.

"షాపులో ఒకటి వేసుకుంటేనే కడుపులో తిప్పింది అత్తయ్యా. తిండి కూడా మారాలన్నాడు. ఒక చిన్న గిన్నెలో..."

"వాడి ముందు పెట్టుకుని తింటావా?"

"ఆయన ముందెందుకు, వంటింట్లోనే తింటాను."

"అంటే దాక్కుని తింటావన్నమాట. ఇన్నేళ్ళొచ్చాక."

మా ఆయన పేపరు కిందకి దించి, "చేసుకోనీ అమ్మా, ఎవరు కాదన్నారు? ఒంట్లో బాగాలేదంటోందిగా" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. గొంతెత్తి మాట్లాడడు. ఆ సాయంత్రం ఆకుకూర పొయ్యి మీద పెట్టగానే ఇల్లంతా కమ్మటి వాసన. ఆయన భోజనానికి కూర్చుని, తన పళ్ళెంలోని వార్చిన కూరని చూసుకుని, గట్టిగా ఒకసారి గాలి పీల్చి, తినకుండానే లేచాడు. "నాకు ఆకలిగా లేదులే. మీరు తినండి." అంతే. కోప్పడి ఉంటే నేను తినేసేదాన్నేమో. ఆ కూర అత్తయ్య తింది, పారేయడం దేనికని. మర్నాడు ఆ గిన్నె నేను పొయ్యెక్కించలేదు. ఎవరూ వద్దనలేదు. అదే ఆ ఇంట్లో పద్ధతి, ఎవరూ ఏదీ వద్దనరు.

ఆ తర్వాతి పరీక్షలో మా ఆయనకి పొటాషియం పెరిగింది. డైటీషియన్ కాగితం చూసి నన్ను చూసింది. "నీళ్ళు పారబోస్తున్నారా అమ్మా, బద్ధకించి అలాగే వండేస్తున్నారా? ఉప్పు కొలిచే వేస్తున్నారా? ఒక్కోసారి ఇంట్లోవాళ్ళు పాపం అని కాస్త రుచిగా చేసి పెడుతుంటారు. అది ప్రేమ కాదండీ, విషం." వేడి నీళ్ళకి ఉబ్బి తెల్లబడ్డ వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన గోడమీద మంటలార్పే సిలిండరు ఎలా వాడాలో శ్రద్ధగా చదువుతున్నాడు.

మందుల క్యూలో ఆయన ఆఫీసు స్నేహితుడు కనిపించాడు. మంచిమనిషి, గలగలా మాట్లాడతాడు. "మీ ఆయన ఒక్కరోజు రాకపోతే మధ్యాహ్నం మాకు తోచదు వదినా. మా ఆవిడ ఆకుకూర పప్పు పంపిన రోజైతే నాకు గిన్నె అడుగే దక్కుతుంది. ఈయన అంత ప్రేమగా తింటాడని ఆవిడ ఇప్పుడు రెండింతలు చేసి పంపిస్తోంది" అన్నాడు. మా ఆయన ఆయన్ని మోచేత్తో పొడిచేలోగా మాట నాకు చేరిపోయింది.

స్నేహితుడు వెళ్ళాక అడిగాను. "మరి నేనిచ్చే డబ్బా?"

"ఆఫీసు వెనక ఒక కుక్క ఉందిలే" అన్నాడు. కాస్త నవ్వించబోయాడు కూడా. "అదీ వాసన చూసి వెళ్ళిపోతుంది."

నేను నవ్వలేదు. "మనిషి నోరు కదా," అన్నాడు గొంతు తగ్గించి. "ఎన్నాళ్ళని కట్టేసుకుంటాను? అమ్మకి చెప్పకు, బెంగపెట్టుకుంటుంది. రేపట్నుంచి మానేస్తాను."

"ఆ ఆకుకూర నన్ను తినమన్నారు."

"తిను మరి. నీకేం, నీకు జబ్బు లేదుగా. నువ్వు ఏదైనా తినచ్చు."

క్యూ కదిలింది. నేనూ కదిలాను. అత్తయ్యకి డబ్బా వస్తోంది, అమ్మాయికి కాంటీన్ ఉంది, ఆయనకి ఆఫీసు బల్ల ఉంది. కిడ్నీ రోగి తినాల్సిన తిండి మెతుకు వదలకుండా, మాట తప్పకుండా తింటున్నది ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. ఆ జబ్బు ఉన్నది నాకు కాదు, అంతే తేడా.

ఆదివారం వాళ్ళంతా ఆడపడుచు ఇంటికి వెళ్ళారు. నేను తలనొప్పని ఉండిపోయాను. ముందురోజే ఆకుకూర రెండు కట్టలు కొని గుడ్డలో చుట్టి దాచుకున్నాను. ఇల్లంతా నాది. పొయ్యి నాది. వాసనకి లేచిపోయేవాళ్ళెవరూ లేరు. కూర కడిగి, తరిగి, ఉడకబెట్టి, పప్పు వేరే ఉడికించి, రెండూ కలిపి పళ్ళెంలో వేసుకుని మొదటిసారి బల్ల దగ్గర కుర్చీలో కూర్చున్నాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాక కాసేపు ఏమీ అర్థం కాలేదు. గడ్డి నమిలినట్టుంది. లేచి వెళ్ళి సింకులోకి చూశాను. చిక్కటి ఆకుపచ్చ చారలు గిన్నె అంచు నుంచి తూము దాకా కారి ఉన్నాయి. ఏదో ఆలోచిస్తూ నానబెట్టిన నీళ్ళు పారబోశాను, ఉడికిన నీళ్ళు వార్చేశాను, పప్పు మీద తేటనీళ్ళు కూడా ఒంపేశాను. ఉప్పు సంగతి నా చేతికి గుర్తేలేదు. నన్నెవరూ వద్దనని ఒక్కపూట దొరికితే, వద్దనే పని నా చేతులే చేసి పెట్టాయి.

వాళ్ళు తిరిగొచ్చేసరికి ఆ కూర గిన్నెలో అలాగే ఉంది. అత్తయ్య మూత తీసి చూసి, నోట్లో వేసుకుని, "వార్చే చేశావుగా. ఇలా చేస్తే వాడికీ ఒక గరిటె పెట్టచ్చు, గొడవేముంది?" అంది మెచ్చుకోలుగా. అలా నా గిన్నె కూడా అందరి గిన్నె అయిపోయింది.

మర్నాడు షాపులో కాజాల అక్క నా చెయ్యి పక్కకి తోసి తన కూర నా మూత మీద పెట్టింది. తిన్నాను. నాలుక మండింది, కళ్ళలో నీళ్ళొచ్చాయి. "ఉప్పెక్కువైందా?" అని ఆవిడ తన వేలితో రుచి చూసుకుని, "సరిగ్గానే ఉందే" అంది. తర్వాత తన డబ్బా నా వైపు జరిపింది. "రోజూ నీకూ తేనా పిల్లా?" అని అడిగింది. ఆవిడింట్లో ఆరుగురికి వండి, బస్సులో నిలబడి వస్తుంది. నా డబ్బా కోసం ఇంకాస్త ముందు లేవాల్సొస్తుంది. అక్కడ స్నేహితుడి పెళ్ళాం మా ఆయన కోసం రెండింతలు వండుతోంది. ఎక్కడ ఏ ముద్ద దొరికినా దాని వెనక ఎవరో ఒక ఆడది చీకట్లో పొయ్యి వెలిగిస్తూ కనిపిస్తోంది. వద్దులే అక్కా అన్నాను.

ఆ సాయంత్రం బియ్యం కొలుస్తుంటే చెయ్యి ఆగింది. ఎప్పుడూ నలుగురికి కొలుస్తాను. నాలుగో కొలత నాది అనుకుంటూ వచ్చాను. కాదు. ఎవరైనా ఇంకాస్త అడిగితే ఉండాలని వేసేది, ఎవరూ అడగకపోతే పాడవకూడదని నేను తినేది. ఇన్నేళ్ళుగా నేను తింటున్నది ఆ మిగులే. ఇక ఈ గిన్నెలోంచి నేను తినను అనుకున్నాను. నా తిండి ఎక్కడో, ఎలాగో వెతుక్కోవాలి. ఎక్కడో నాకు తెలియదు. నాలుక కూడా నాది కాకుండా పోయాక వెతుక్కోవడానికి మాత్రం ఏముందో అదీ తెలియదు. అయినా నాలుగో కొలత తిరిగి డబ్బాలో పోసేశాను. ముగ్గురికి సరిపడా కూర తరిగాను, నానబెట్టాను, వార్చాను.

ముగ్గురూ కూర్చున్నారు. వడ్డించాను. ఆయన మారు అడిగాడు, పెట్టాను. అమ్మాయి ఫోన్ చూసుకుంటూ తినేసి లేచింది. గిన్నెలు నేను సింకులో వేస్తుంటే, చెయ్యి కడుక్కోవడానికి వచ్చిన అత్తయ్య అన్నం గిన్నెలోకి వంగి చూసి, నా భుజం తట్టింది.

"ఇన్నాళ్ళకి నీకు లెక్క కుదిరింది. ఒక్క మెతుకు మిగల్లేదు, ఎవరికీ తక్కువా కాలేదు."