పచ్చ మీటలో వేపపుల్ల

తొంభై ఆరులో కాటేదాన్‌లో భీమశంకరరావు పెట్టిన చిన్న కార్ఖానాలో బోరు మోటార్ల స్టార్టర్లు తయారయ్యేవి. ఆయన సంతకం లేనిదే అక్కడ ఒక్క మరమేకు కూడా మారేది కాదు. పట్టు సడలితే కంపెనీ చెయ్యి జారిపోతుందని ఆయన భయం.

కరెంటు రాగానే దానంతట అదే మోటారును నడిపే స్టార్టరు చేస్తానని ఇంజనీరు రేవతి చాలాకాలంగా జోరీగలా ఆయన చెవిలో పోరుతోంది. "ముందు ఆర్డరు సంగతి చూడమ్మా. ప్రయోగాలు కాలేజీలో చేసుకోవాలి" అంటూ ఆయన పరీక్షల గదికి తాళంవేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

ఆ వారమే శంషాబాద్ డీలరు ఫోన్ చేశాడు. మోటార్లు కాలిపోతున్నాయట. ఇలాగైతే వేరే కంపెనీ సరుకు పెట్టుకుంటాడట. ఆ కొట్టు పోతే కార్ఖానా మూసుకోవాల్సిందే. తప్పంతా రైతులదేనని తేల్చి వద్దామని భీమశంకరరావు రేవతిని వెంటబెట్టుకుని చెన్నయ్య అనే రైతు పొలానికి వెళ్లాడు.

అనుకున్నట్టే ఉంది. కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరగాలని, స్టార్టరు పచ్చ మీటను నొక్కి, అది పైకి లేవకుండా సందులో వేపపుల్ల దూర్చి ఉంది. పుల్ల పెట్టకూడదనే ఆయన స్వయంగా గీసి చేయించిన రేకు మూతలో కోళ్లు నీళ్లు తాగుతున్నాయి.

"పుల్ల పెడితే మోటారు కాలిపోదా అమ్మా?" అన్నాడు, ఒళ్లు మండి.

"కరెంటు ఎప్పుడొస్తదో ఎవరికెరుక సారూ?" అంది చెన్నయ్య భార్య రాములమ్మ నింపాదిగా. "పెడితే మోటరు కాల్తది, పెట్టకుంటే మడి ఎండుతది. ఏం జెయ్యాల్నో జర నువ్వే చెప్పు."

ఆయన నోరు తెరిచేలోగా కరెంటు వచ్చింది. మూడు ఫేజుల్లో ఒకటి రాలేదు. మోటారు తిరగకుండా మూలగసాగింది. కమురు వాసన తగలగానే ఆయన ఒక్క అంగలో వెళ్లి మెయిన్ దించేశాడు. పుల్ల పెట్టింది రైతే అయినా, పెట్టక తప్పని స్టార్టరు చేసింది తనే. ఆయనకు నిజంగా సిగ్గేసింది.

తిరుగుదారిలో మైలార్‌దేవ్‌పల్లి దగ్గర ఆయన పరీక్షల గది తాళంచెవి తీసి రేవతి చేతిలో పెట్టాడు.

"ఒక్క షరతు. మూడు ఫేజులూ రానిదే మోటారు కదలకూడదు."

"అయితే పని రెట్టింపు సార్" అంది రేవతి సంబరంగా.

యాసంగి నాట్ల నాటికి కొత్త స్టార్టరు డబ్బా చెన్నయ్య పొలంలో బిగించారు. కరెంటు వచ్చింది. మోటారు ఉలకలేదు, పలకలేదు.

"గిదేంది సారూ, నడుస్తలేదు!" అంటూ రాములమ్మ అలవాటుగా పుల్ల అందుకుంది.

"కాస్త ఆగమ్మా. ఒక ఫేజు రాలేదు" అన్నాడు భీమశంకరరావు, డబ్బా మీద వెలగని మూడో దీపం చూపిస్తూ.

కాసేపటికి అదీ వచ్చింది. ఎవరూ ముట్టకుండానే మోటారు అందుకుంది, పైపులోంచి నీళ్లు దూకాయి. రాములమ్మ నవ్వి పుల్లను అవతల పారేసింది.

భీమశంకరరావు వంగి దాన్ని తీసుకుని, ఒకప్పుడు తాళంచెవి ఉండే జేబులో వేసుకున్నాడు.