మంచం పక్క గంట

గిన్నెలు తోముతుంటే గంట మోగింది. చేతులు కడుక్కోకుండా ఆ నురగతోనే అత్తగారి గదిలోకి పరుగెత్తాను. మంచం మీద పరుపు చుట్టి ఉంది. ఆవిడ పోయి అప్పటికి ఐదు నెలలు.

మంచాన పడ్డ మూడేళ్ళూ ఆవిడ ఏం కావాలన్నా చిన్న ఇత్తడి గంట మోగించేవారు. మంచినీళ్ళకి, పక్కకి తిప్పడానికి, తడిసిన దుప్పటి మార్చడానికి, ఒక్కోసారి ఊరికే. పక్క గదిలోనే ఉన్న మా ఆయన కదిలేవారు కాదు. అడిగితే తనకి వినపడలేదనేవారు. నావి పాము చెవులని నవ్వేవారు కూడా. ఆవిడ పోయాక చీరలతో పాటు ఆ గంటని కూడా ఎవరికో ఇచ్చేశాం. చప్పుడు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

తర్వాత అది ఆఫీసుకీ వచ్చింది. ఫోన్లో జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం నాది. ఒకరోజు అవతల ఎవరో తిడుతుండగా గంట వినిపించి, హెడ్‌సెట్ తీసేసి లేచి నిలబడ్డాను. ఎటు వెళ్ళాలో తెలియలేదు. ఉద్యోగుల మనసు బాగుండాలని కంపెనీ ఒక కౌన్సెలర్‌ని పెట్టింది, ఆరుసార్లు ఉచితం. మా టీమ్ లీడరే నన్ను వెళ్ళమన్నాడు. వెళ్ళొచ్చాక, అక్కడ గడిపిన నలభై నిమిషాల పనీ సాయంత్రం కూర్చుని పూర్తి చేయమన్నాడు. పనీపాటా లేనివాళ్ళకే ఇలాంటి జబ్బులొస్తాయన్నారు మా ఆయన.

కౌన్సెలర్ పెద్దావిడ. మూడుసార్లు వెళ్ళినా రాసుకోవడమే తప్ప ఏమీ అనలేదు. నాలుగోసారి పెన్ను పక్కన పెట్టి అడిగింది.

"ఆ గంట ఎప్పుడు ఆగుతుంది?"

"నేను లేవగానే."

"లేవకపోతే?"

ఆ మూడేళ్ళలో ఒక్కసారైనా లేవకుండా ఉన్నానేమోనని వెతుక్కున్నాను. ఒక్కటీ తట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం ముందుగదిలో కూర్చున్నాం. ఆయన పేపరు చదువుకుంటున్నారు. గంట మోగింది. కాళ్ళు వాటంతట అవే లేవబోతే కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాను. మళ్ళీ మోగింది, ఈసారి విసుగ్గా. మూడోసారి మోగేసరికి ఆయన పేపరు మీంచి తల ఎత్తకుండానే అన్నారు.

"అమ్మ పిలుస్తోంది, చూడు."

అనేశాక తనే ఉలిక్కిపడ్డారు. పేపరు చేతిలోంచి జారింది. చిత్రంగా, నాకు మాత్రం భయం పోయింది. ఆ గంట ఆయనకి వినిపిస్తూనే ఉందన్నమాట. ఆ మూడేళ్ళూ.

"మీరే వెళ్ళండి," అన్నాను.