ఎల్లాజీ వాటా

నేను ఒక రేకు డబ్బాని. అరచేతిలో ఇమిడిపోయేంత ఒళ్ళు, గుండ్రటి మూలలు, నడుము మీద నవ్వుతున్న చేప బొమ్మ. తల తీసేసి, నూనెలో ముంచి, డబ్బాలో కుక్కితే ఏ చేప నవ్వుతుందో ఆ బొమ్మ వేసిన మహానుభావుడే చెప్పాలి. తాము తినబోయేది సంతోషంగా ఉందనుకోవడం మనుషులకు ఇష్టం కాబోలు.

నేను పుట్టింది మొరాకో దేశంలో, అట్లాంటిక్ ఒడ్డున. నాలో చేపలు పేర్చిన ఆడవాళ్ళు నోరు మూయకుండా కబుర్లు చెప్పుకునేవారు. బోట్లు రావడం ఆలస్యమైన రోజున మాత్రం అందరూ మౌనంగా కిటికీ వంక చూసేవారు. ఆ చూపేమిటో అప్పట్లో నాకు తెలియలేదు. మూత బిగించి, ఆవిరిలో ఉడికించి, నన్ను ఓడెక్కించారు. చేతులు మారి మారి చివరికి విశాఖపట్నంలో ఒక కొట్టు అరలో కూర్చున్నాను.

అక్కడికి వచ్చింది దేవుడమ్మ. పక్కనున్న జాలరిపేట మనిషి. ఆమె మొగుడు ఎల్లాజీ వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. పడవ బోల్తాపడితే మిగతావాళ్ళు ఈదుకొచ్చారు, అతని శవం కూడా దొరకలేదు. శవం దొరకని ఇంట్లో ఆ సముద్రపు చేప వండరు. ఎందుకని ఎవరూ అడగరు, అందరికీ తెలుసు. ఆమె మామ కొర్లయ్యకు చేప లేనిదే ముద్ద దిగదు. కొడుకు పోయినప్పటి నుంచి రెండు మెతుకులు కతికి లేచిపోతున్నాడు. ఇలాగైతే మనిషి దక్కడని డాక్టరు చెప్పేశాడు. మొగుడు పోయిన ఇంట్లో ఆమెకు మిగిలింది ఆ ముసలాయన ఒక్కడే.

ఆమె నన్ను చేతిలోకి తీసుకుని, అలవాటుకొద్దీ పొట్ట నొక్కి చూసింది. మొప్పలెత్తి చూద్దామంటే నాకేవీ? కొట్టతను నవ్వాడు.

"ఉబ్బిన డబ్బా తీసుకోకమ్మా. నూనెలోది పట్టుకెళ్ళు. టమాటాది పులుపు."

"అది కాదు బాబూ, ఇది ఏ సంద్రం సేప?"

"ఏ సంద్రవైతే నీకేటి? డేటు సూసుకో, సాలు."

"సెప్పు బాబూ, నీకు పున్నెం ఉంటాది."

అతను ఒక డబ్బా తిప్పి కేరళది అన్నాడు. ఆమె పక్కన పెట్టేసింది. నన్ను తిప్పి మొరాకో అన్నాడు, ఆఫ్రికాకి అవతలి ఒడ్డు అన్నాడు.

"మన బోట్లు అక్కడికి ఎల్తాయా?"

"మన బోట్లెక్కడ, అదెక్కడ తల్లీ!"

"అయితే ఇదే ఇయ్యి."

ధర చూసి కొనేవాళ్ళను చూశాను, బొమ్మ చూసి కొనేవాళ్ళను చూశాను. దూరం చూసి కొన్నది ఆమె ఒక్కతే.

ఇంటికి వెళ్ళి ఉల్లిపాయ, పచ్చిమిరప వేయించి, నాలోని చేపల్ని అందులో వేసి, చింతపండు పులుసు పోసింది. గోడవైపు తిరిగి పడుకున్న కొర్లయ్య ఆ వాసనకు దిగ్గున లేచి కూర్చున్నాడు.

"ఇదేటే! ఈ ఇంట్లో సేప వండుతావా?"

"మన సంద్రంది కాదు మావా. ఆఫ్రికా అవతలిదంట. మనోల్లెవరూ అక్కడికి ఎల్లరంట." ఖాళీ అయిన నన్ను సాక్ష్యంగా అతని చేతిలో పెట్టింది.

అతను నా అంచులు తడిమాడు.

"పిచ్చితల్లీ, సంద్రానికి గట్లుంటాయేటి? అదీ ఇదీ ఒకటే నీరు."

ఆమె మొహం వాడిపోయింది. పళ్ళెం తీసెయ్యబోయింది. అప్పుడు అతను ఆమె చేతుల్ని చూశాడు. గాజుల్లేని ఆ చేతులు పుల్లల్లా ఉన్నాయి. ఇన్నాళ్ళూ గోడను చూస్తూ పడుకున్నవాడికి కోడలు కూడా తిండి మానేసిందని తట్టనే లేదు.

"నువ్వెప్పుడు తిన్నావే కడుపునిండా?"

అతను ముద్ద కలిపి, ముళ్ళు ఏరి, ముందు ఆమె నోటికి అందించాడు. తర్వాత తను తిన్నాడు. ఇద్దరూ ఏడుస్తూనే తిన్నారు. "కవళ్ళంటే పేణం మన ఎల్లాజీకి" అంటూ వేళ్ళు నాకాడు ముసలాయన. నాలో ఉన్నవి వాళ్ళు కవళ్ళనే చేపలేనని అప్పుడే నాకు తెలిసింది.

నన్ను కడిగి, వలకు కట్టే సీసపు గుళ్ళు పోసి అతని పక్కన పెట్టింది. అతను మెల్లగా పేటవాళ్ళ చిరిగిన వలలు అల్లడం మొదలుపెట్టాడు. కవళ్ళ కాలం వచ్చింది. కొడుకుతో వేటకు వెళ్ళినవాళ్ళే ఒడ్డున చేపల్ని వాటాలు వేస్తూ, వలలు బాగుచేసినందుకు అతనికీ ఒక వాటా వేశారు. కొడుకును మింగిన సముద్రపు చేపల్ని ఎలా ముట్టుకోవాలో అతనికి తోచలేదు. తర్వాత నాలోని గుళ్ళు ఇసుకలో ఒంపి, నన్ను నిండా కవళ్ళతో నింపి, మోకాటి లోతు నీళ్ళలోకి నడిచాడు.

"ఇది నీ వాటా నాయినా" అని నన్ను వంచాడు.

ఒక అల వచ్చి వాటిని తీసుకుపోయింది. మిగిలినవి తెచ్చి కోడలి చేటలో పోసి, "పులుసెట్టు" అన్నాడు.

ఉప్పుగాలికి నాకు తుప్పు పట్టింది, బొమ్మ మీది నవ్వు ఎప్పుడో రాలిపోయింది. కొత్త డబ్బా తెస్తానంటే కొర్లయ్య ఒప్పుకోడు. వాటాలు వేసిన ప్రతిసారీ ముందు నేను నిండాలి, తర్వాతే వాళ్ళ పొయ్యి వెలగాలి.